శుక్రవారం నవ్వాలి

శుక్రవారం సాయంత్రం నవ్వాలి. అది రూలు. ఏ కాగితం మీదా రాయలేదు కాబట్టి కాదనడానికీ వీల్లేదు. పని దిగే ముందు కెమెరాలు తెరిచి, అందరూ ‘సరదా గది’లోకి రావాలి. గదంటే గోడలూ తలుపూ ఉన్న గది కాదు. కంప్యూటరు తెర మీద గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కో మొహం, మొహం వెనక ఒక్కో గోడ. కొందరు ఆ గోడ కనిపించకుండా సముద్రం బొమ్మ పెట్టుకుంటారు. తల కదిలినప్పుడల్లా సముద్రం చిరుగుతుంది. వెనకున్న మంచం కోడో, ఆరేసిన తువ్వాలో బయటపడుతుంది.

ఆ గదిని పెట్టింది పెద్దక్క. పెట్టమని ఆమెకెవరూ చెప్పలేదు. బట్టలుతికే మిషన్లు, ఫ్రిజ్జులు పాడైతే జనం ఫోను చేసి తిట్టే చోటు వీళ్ళది. ఆఫీసున్న రోజుల్లో ఎవరికైనా ఫోనులో మిషను చప్పుడు అంతుబట్టకపోతే చెయ్యెత్తేవాళ్ళు. వరసంతా చుట్టూ చేరి స్పీకరులో వినేది. ‘బేరింగు పోయింది’ అని ఒకరు, ‘నీ మొహం, బెల్టది’ అని ఇంకొకరు. ఆఫీసు ఎత్తేసి, కుర్చీలూ బల్లలూ లారీకెక్కించాక ఆ చెవులన్నీ తలో ఇంట్లో ఒంటరిగా పడ్డాయి. పెద్దక్కకి అది సహించలేదు. టీ వేళకి ఒకసారి మొహాలు చూసుకుందాం రమ్మని పిలిచింది. వచ్చారు. తర్వాత కంపెనీకి తెలిసింది. కంపెనీకి నచ్చింది. కంపెనీకి నచ్చిన మంచిపనికి ఏ గతి పడుతుందో దానికీ అదే పట్టింది. టీ వేళ కాస్తా హాజరుపట్టీ అయి కూర్చుంది.

సీట్లు పోయినా సీట్ల పేర్లు పోలేదు. కిటికీ పక్కన కూర్చున్నాయన ఇంకా కిటికీ బాబాయే. ఫ్యాను కింద కూర్చున్నావిడ ఫ్యాను వదినే. ప్రతిదానికీ వాదన పెట్టుకునేవాడు లాయరు, గొంతు సన్నగా ఉన్న పిల్ల పిట్ట. అందరికంటే ముందు చేరింది కాబట్టి ఈవిడ పెద్దక్క. ఇక పైనుంచి వచ్చి గళ్ళ మధ్యలో కూర్చునే ఆవిడ కల్చర్ మేడమ్. ఆఫీసులో ఆవిడ సీటెక్కడుండేదంటే ఎవరూ చెప్పలేరు. ‘కంపెనీ సంస్కృతి’ చూసుకోవడానికని ఆఫీసు పోయాక పుట్టిన ఉద్యోగం అది.

“ఇవాళ పాటలొద్దు, క్విజ్జులొద్దు,” అంది పెద్దక్క. బట్టల అలమారా తలుపులు రెండూ తెరిచి, దాని ముందు స్టూలు మీద కంప్యూటరు పెట్టుకుని కూర్చుంది. మడతపెట్టిన దుప్పట్లు గొంతు గోడలకి తగలకుండా మింగేస్తాయి. “మన పనే మన ఆట. ఒక్కొక్కరూ మీ ఇంట్లోంచి ఒక చప్పుడు వినిపించండి. అదేంటో మిగతావాళ్ళు చెప్పాలి.”

“అబ్బ, ఎంత బాగుందో!” కల్చర్ మేడమ్ రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది. “మనం కోరుకునే సంస్కృతి ఇదే కదండీ!”

కిటికీ బాబాయ్ గడిలో ఏదో కిర్రుమంది.

“బీరువా,” అంది పిట్ట.

“బాబాయ్ మోకాలు,” అన్నాడు లాయరు.

నవ్వారు. పైవాళ్ళ కోసం నవ్వే నవ్వు కాదు. పెద్దక్కకి ఆ తేడా తెలుసు. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని. ఒళ్ళు పులకరించింది. లాయరు డబ్బాలో గోళీ వేసి ఆడిస్తే బాబాయ్ పట్టేశాడు. పిట్ట కుళాయి కింద గిన్నె పెట్టింది. అలా అలా వంతు ఫ్యాను వదినకి వచ్చింది.

గడిలో వదిన నుదురూ కళ్ళూ తప్ప కనిపించవు. ఎప్పుడూ అంతే, కెమెరా పైకి పెట్టుకుంటుంది. మైకు మూసి ఉంది. తల అడ్డంగా ఊపి, వద్దన్నట్టు చెయ్యి ఆడించింది.

“ఏదో ఒకటి వదినా. గిన్నె మీద గరిటెతో కొట్టు, చాలు,” అంది పెద్దక్క. “మా దగ్గర మొహమాటమేంటి?”

“అవునండీ, అందరూ పాల్గొంటేనే అందం,” అంది మేడమ్. నవ్వుతూనే అంది. నవ్వుతూ అంటేనే అందరికీ ఎక్కువ వినబడుతుంది.

వదిన మైకు తెరిచింది. “అక్కా, నా దగ్గరేమీ...”

ఆ మాట వెనక నుంచి ఒక చప్పుడు గదిలోకి వచ్చింది. సన్నగా, ఎడతెగని మోటారు రొద. దాని మీద మధ్యమధ్య బుస్సుమని గాలి. మళ్ళీ రొద. మళ్ళీ బుస్సు.

“చేపల తొట్టె!” అంది పిట్ట గబుక్కున.

“కాదు, గాలికొట్టే పంపు. వదిన పంక్చర్ల షాపు పెట్టింది, మనకి చెప్పలేదు,” అన్నాడు లాయరు.

“లైను బాలేదు, ఆ గరగర మన నెట్టుదే. తర్వాతి వాళ్ళని పిలువమ్మాయ్,” అన్నాడు బాబాయ్.

వీళ్ళ చెవులకేమైంది అనుకుంది పెద్దక్క. ఇంటి దగ్గర కూర్చుని కూర్చుని మొద్దుబారిపోయాయి కాబోలు. చేపల తొట్టెకి బుస్సుమనే గాలెక్కడిది? ఆమె కళ్ళు మూసుకుంది. ఆఫీసులో స్పీకరు మీద వాలినట్టు తెర మీదికి వాలింది.

“ఆగండాగండి. కంప్రెసరు అది. గాలి పీల్చుకుంటోంది, వడగడుతోంది, మిగిలింది వదిలేస్తోంది. లోపల నీళ్ళ బుడగలు కూడా... ఆక్సిజన్ మిషను! నూటికి నూరు పాళ్ళు. పైగా ఫిల్టరు తుడిచి చాలా రోజులైంది, గాలి ఈడ్చుకుంటోంది చూడండి.”

కళ్ళు తెరిచేసరికి వదిన మైకు మూసి ఉంది. తర్వాత మేడమ్ గడిలో చప్పట్ల బొమ్మలు ఎగిరాయి.

“అద్భుతం! ఈ వారం విజేత పెద్దక్కగారు!”

ఒక్కొక్క గడిలోంచీ చప్పట్ల బొమ్మ లేచింది. వదిన గడిలోంచి కూడా లేచింది.

*

“గెలిచావుగా, మరి మొహం అలా పెట్టావేం?” అంది చెల్లెలు.

అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. చెల్లెలు బట్టల షాపులో పని చేస్తుంది. పొద్దున్నించీ నిలబడ్డ కాళ్ళని బకెట్లో వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుంది.

“ఆ వదిన వాళ్ళాయనకి ఊపిరి జబ్బు. మొదట్లో నాకు చెప్పింది. తగ్గిందని కూడా ఆమే చెప్పింది. మిషను దాకా వచ్చిందని నాకేం తెలుసు?”

“ఎవరింటి చప్పుడో చూసి నోరు తెరవద్దూ?”

“చప్పుడు వినబడితే ఎవరిల్లని చూస్తామా? ఏం మిషనని చూస్తాం.”

“అవునులే. పిల్లికి చెలగాటం.” చెల్లెలు కాలివేళ్ళ మధ్య రుద్దుకుంది. “నేను గుమ్మంలోంచి చూశా. నువ్వు కళ్ళు మూసుకుని పూనకం వచ్చినదానిలా చెబుతుంటే, మిగతా వాళ్ళంతా నిన్ను ఆపడానికి చేతులూపారు.”

“చప్పట్లేమో.”

“చప్పట్లకీ వద్దనడానికీ తేడా తెలియని వయసా నీది?”

పెద్దక్క మనసు ఇంకో చోట ఉంది. ఇంటి నుంచి పని చేయడానికి అందరూ సంతకం పెట్టిన షరతు ఒకటుంది. పని చేసే గది నిశ్శబ్దంగా ఉండాలి, ఆ గదిలో పసిపిల్లలుగానీ రోగులుగానీ ఉండకూడదు. వేరే గది లేనివాళ్ళు ఏం చేయాలో అందులో లేదు. ఆఫీసున్నప్పుడు కుర్చీ కంపెనీదే, కరెంటు కంపెనీదే. ఇప్పుడు కుర్చీ మనది, కరెంటు మనది, ఇల్లు మనది. ఇంట్లో ఎవరుండాలో చెప్పడం మాత్రం వాళ్ళది.

సోమవారం మేడమే ఫోను చేసింది. విడిగా. గొంతులో తేనె.

“పెద్దక్కగారూ, శుక్రవారం నుంచీ నాకు మనసు మనసులో లేదండీ. పాపం ఆవిడకి ఇంట్లో అంత కష్టముందని మనకి తెలియదే! మనమంతా ఒక కుటుంబం కదా. ఎలా సాయపడగలమో మీరే చెప్పాలి. టీముకి గుండెకాయ మీరు.”

పెద్దక్క గుండె కరిగింది. చప్పుడు ఎలాగూ బయటపడింది, ఇక దాచి లాభమేంటి, అడిగేవాళ్ళు అడుగుతున్నప్పుడే మంచి జరిపించుకోవాలి అనుకుంది. చాకిరీ చేసేవాడికి ఈ ఆశ ఒకటి చావదు. పైవాడికి మన కష్టం తెలియక ఇలా ఉన్నాడు, తెలిస్తే కరుగుతాడు అని.

“ఆయన పడుకుంటే ఊపిరాడదండీ. దిండ్లకి ఆనించి కూర్చోబెట్టాలి. జారిపోతుంటాడు. చంకల కింద చేతులేసి పైకి లాగాలి. ఒక్కతే ఆడమనిషి. ఒక్కోసారి కాల్ మధ్యలో హోల్డులో పెట్టి పరిగెత్తేది. నాతో చెప్పుకుని ఏడ్చింది. కాస్త కాల్స్ తగ్గిస్తేనో, సగం పూట పని ఇస్తేనో...”

“హోల్డులో పెట్టి వెళ్ళేవారా? అయ్యో!” అంది మేడమ్. “ఎంత నలిగిపోయారో పాపం. మీరు చెప్పడం చాలా మంచిదైంది. తప్పకుండా ఆవిడ భారం తగ్గిద్దాం.”

ఆ పూట పెద్దక్క ఫోన్లన్నీ ఉల్లాసంగా తీసుకుంది. ఎవరో ముసలాయన మిషను తిరిగేటప్పుడు టక్కుటక్కుమంటోందని గొడవపడితే, “తాతగారూ, చొక్కా జేబులో చిల్లర మర్చిపోయారు, వెతకండి,” అని నవ్వించింది కూడా.

మంగళవారం తెర మీద పేర్ల వరసలో వదిన పేరు లేదు.

సెలవనుకుంది. టీ వేళకి మేడమ్ అందరినీ గదిలోకి పిలిచి, మెడ ఒక పక్కకి వాల్చి చెప్పింది. “మన ఫ్యాను వదినగారు కుటుంబానికి పూర్తి సమయం ఇవ్వాలని నిర్ణయించుకున్నారు. వారి నిర్ణయాన్ని మనం గౌరవిద్దాం. ఈ శుక్రవారం వారికి మంచి వీడ్కోలు ఇద్దాం. అందరూ ఒక్కో తీపి జ్ఞాపకం చెప్పాలి. రికార్డు చేసి కొత్తగా చేరేవాళ్ళకి మన సంస్కృతి ఎలాంటిదో చూపిద్దాం. పెద్దక్కగారు నడిపిస్తారు.”

భారం తగ్గిద్దామంది. తగ్గించింది. తడిగుడ్డతో గొంతు కోయడమని విన్నాం, ఈవిడ గుడ్డకి అత్తరు కూడా పూసింది.

పెద్దక్క వదినకి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. చివరికి బాబాయ్‌కి చేసి ఇల్లెక్కడో చెప్పమంది. ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చున్నారు, ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు.

“ఎందుకమ్మాయ్?” అన్నాడు బాబాయ్. “వీడ్కోలు కార్డు మీద ఆవిడ చేత సంతకం పెట్టించడానికా?”

“బాబాయ్!”

మలుపులు, మెట్లు, తలుపు రంగుతో సహా చెప్పాడు. ఈయనకి ఇంత బాగా ఎలా తెలుసని ఆమెకి తట్టలేదు అప్పుడు.

*

బుధవారం పని దిగి వెళ్ళింది. మెట్లెక్కుతుంటేనే వినబడింది, రొద, బుస్సు. తలుపు దగ్గర ఆగి అలవాటు కొద్దీ చెవి పెట్టింది. గాలి ఈడ్చుకోవడం లేదు. నున్నగా పోతోంది.

వదిన తలుపు తీసింది. ఆశ్చర్యపోలేదు. లోపలికి రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. పక్కకి జరిగింది.

ఒకటే గది. ఒక వారగా మంచం, దిండ్ల కొండకి ఆనుకుని ఆయన. ముక్కుకి సన్నటి గొట్టం. గొట్టం గది నేలంతా పాకి మూలనున్న మిషనులోకి పోతోంది. మంచానికి ఎదురుగా చిన్న బల్ల. కంపెనీ కంప్యూటరుండిన చోట దుమ్ము లేని చతురస్రం మిగిలింది. కెమెరా అంత పైకెందుకు పెట్టేదో ఇప్పుడర్థమైంది. ఒక్క బెత్తెడు కిందికి దించితే మంచం కనబడుతుంది.

“ఫిల్టరు కడిగానక్కా,” అంది వదిన. “నువ్వన్నది నిజమే. చాలా మూసుకుపోయింది. ఇప్పుడు ఆయనకి కొంచెం సులువుగా ఉంది.”

ఎత్తిపొడుపు కాదు. అదే పెద్దక్కకి భరించరానిదైంది. తిడితే బాగుండునని వచ్చింది ఆమె.

“వదినా, అసలేం చెప్పారు నీకు?”

“షరతు తప్పానన్నారు. మిషనొక్కటే అయితే ‘పక్కింటిది’ అని బొంకేదాన్ని. హోల్డు సంగతి తీశారు. ‘కాల్ హోల్డులో పెట్టి వెళ్ళేవారట కదా’ అంది మేడమ్. ‘అట కదా’ అంటే ఎవరో చెప్పారన్నమాటేగా.” వదిన మంచం దగ్గరికి వెళ్ళి, జారిన ఆయన్ని చంకల కింద చేతులేసి పైకి లాగింది. ఆయన దగ్గాడు. వీపు మీద అరచెయ్యి దోసిలిలా వంచి తట్టింది. “ఎవరు చెప్పారక్కా?”

“నేనే.”

“తెలుసు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు నేను.” తట్టడం ఆపలేదు. “నీ నోటి నుంచి వినాలనిపించింది, అంతే.”

“నీకు పని తగ్గిస్తారని చెప్పాను. నీ మీదొట్టు.”

“ఒట్లెందుకులే. నువ్వు చెడ్డదానివైతే నేను నీకు చెప్పేదాన్నే కాదు. హోల్డు మానేసి చాలా కాలమైంది అక్కా. ఇప్పుడు వాళ్ళ కంప్యూటరు ఎంత వెతికినా నా లెక్కలో హోల్డు దొరకదు. దొరకనిది నువ్వు నోటితో అందించావు.”

“మానేశావా? మరి ఈయన్ని...”

జవాబు గది మూలనుంచి వచ్చింది. నీళ్ళ సీసాకి ఆనించి పెట్టిన వదిన ఫోనులోంచి.

“వదినా, అన్నయ్య దగ్గు వినబడుతోంది. పడిందా కఫం?” లాయరు గొంతు.

“నేను రేపు వచ్చేటప్పుడు గొట్టం కొత్తది తెస్తా. ఇది గట్టిపడిపోయుంటుంది,” కిటికీ బాబాయ్.

“అన్నయ్యగారూ, ఇవాళ కూడా అన్నం సగమే తిన్నారంట! పిట్టలాగా నేనొక్కదాన్నే తినాలి, మీరు కాదు,” పిట్ట గొంతు. మంచం మీద మనిషి మొహంలో నవ్వులాంటిది కదిలింది.

పెద్దక్క ఫోను వైపు తిరిగింది. కెమెరాలు లేవు. గళ్ళు లేవు. మూడు గొంతులు, వాటి వెనక మూడిళ్ళ గిన్నెల చప్పుళ్ళు. ఎవరో కూర తరుగుతున్నారు. ఎవరింట్లోనో పసిపిల్ల ఏడుస్తోంది, ఎవరూ ఆ మైకు మూయమనడం లేదు. ఆఫీసులో టీ వేళ ఎలా ఉండేదో అచ్చం అలా ఉంది.

“రోజూ ఇంతేనా?” అంది.

“రోజూ. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పని వేళ కూడా ఫోను తెరిచే ఉండేది. నేను ఆయన దగ్గరికి వెళ్ళాల్సొస్తే ‘లేస్తున్నా’ అనేదాన్ని. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు నా కాల్ మళ్ళించుకునేవాళ్ళు.”

చేపల తొట్టె. గాలికొట్టే పంపు. లైను బాలేదు. వాళ్ళ చెవులకేమీ కాలేదు. ఆ చప్పుడు వాళ్ళకి రోజూ వినబడుతున్నదే. ముగ్గురూ కలిసి దానిమీద గుడ్డ కప్పుతుంటే తను లాగేసింది. లాగేసి, చప్పట్లు కొట్టించుకుంది.

“నన్నెందుకు పిలవలేదు?”

వదిన మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. “నీ గదిలో నువ్వుంటావు, నీ పక్కన మేడముంటుంది. నిన్నొక్కదాన్నే ఎలా పిలవడం అక్కా?”

“ఎవరు వదినా అక్కడ?” అన్నాడు లాయరు ఫోనులో.

“పెద్దక్క వచ్చింది.”

ఫోనులో కూర తరిగే చప్పుడు ఆగింది. టిక్కుమని ఒకరు పోయారు. తర్వాత ఇంకొకరు. పసిపిల్ల ఏడుపు మధ్యలో తెగింది. ఇక గదిలో మిషనొక్కటే మిగిలింది.

*

శుక్రవారం వచ్చింది. నవ్వాలి.

మేడమ్ తన వెనక రంగు బుడగల బొమ్మ పెట్టుకుంది. వదిన గడి ఉండే చోట వదిన పాత ఫోటో పెట్టారు, నవ్వుతున్నది. రికార్డు అవుతున్నట్టు మూల ఎర్రచుక్క వెలిగింది.

“మొదలుపెట్టండి పెద్దక్కగారూ. ఒక తీపి జ్ఞాపకం!”

పెద్దక్క ఏ ముస్తాబూ లేకుండా కూర్చుంది. రెండు రోజులుగా ఏం చెప్పాలో మనసులో ఉతికి ఆరేసింది. నోరు తెరిస్తే ఉతికినవేవీ రాలేదు.

“వదిన వెళ్ళలేదు,” అంది. “మీరు తీసేశారు. ఊపిరాడని మొగుణ్ణి పైకి లాగి కూర్చోబెట్టినందుకు తీసేశారు. ఆ సంగతి మీకు చెప్పింది నేనే. సాయం చేస్తారని చెప్పాను. మీరు నన్ను సాయమడిగి వదిన గొంతు పట్టుకున్నారు. కొత్తగా చేరేవాళ్ళు ఇది చూస్తారన్నారుగా, చూడండమ్మా, ఈ గదిలో మీ కష్టం ఎవరికీ...”

తన గొంతు తనకే తేడాగా వినబడి చూసుకుంది. మైకు మూసి ఉంది. తను మూయలేదు. మళ్ళీ తెరవబోతే తెరుచుకోలేదు.

“పెద్దక్కగారు ఉద్వేగంలో ఉన్నారు,” అంది మేడమ్. చిరునవ్వు చెక్కుచెదరలేదు. “ఎంత ప్రేమ ఉంటే అంత బాధ. ఈ ముక్క తీసేద్దాం. లాయరుగారూ, మీరు చెప్పండి.”

పెద్దక్క లాయరు గడి వైపు చూసింది. జీతంలో కోత పడితే నిలబడి వాదించినవాడు. టీలో పంచదార తగ్గినా వాదించినవాడు. లాయరు కెమెరాకేసి కాకుండా కిందికి చూస్తూ, “వదిన గొడుగు నాకిచ్చి తను తడుస్తూ వెళ్ళింది ఒకసారి,” అన్నాడు. “చాలా మంచి మనిషి.” అంతే అన్నాడు.

పిట్ట చెప్పింది. బాబాయ్ చెప్పాడు. ఎవరి గడిలోనూ ‘అక్క చెప్పింది నిజం’ అన్న మాట లేదు. వాళ్ళని తిట్టుకుంటే ఏం లాభం? ఒకటో తారీఖు అందరి గుమ్మాలకీ వస్తుంది. కడుపు కట్టేసినవాడి నోరు వేరే కట్టక్కర్లేదు. పెద్దక్క చెయ్యెత్తింది. ఆఫీసులో చప్పుడు అంతుబట్టనప్పుడు ఎత్తినట్టు ఎత్తి, గది మూసేదాకా అలాగే ఉంచింది. ఎవరూ చుట్టూ చేరలేదు.

తర్వాత పిట్ట నుంచి ఫోనులో ఒక ముక్క వచ్చింది. ‘అక్కా, బాగా అన్నారు. చదివాక ఇది తీసేయండి.’

శనివారం మేడమ్ దగ్గర నుంచి ఇంకో ముక్క. సరదా గది బాధ్యతల నుంచి ఆమెకి విశ్రాంతినిస్తున్నారు, ఇకనుంచి పిట్ట చూసుకుంటుంది, ఫోన్ల పని యథాతథం. ఉద్యోగం ఎందుకు తీయలేదంటే దయవల్ల కాదు. వెంటవెంటనే ఇద్దర్ని తీస్తే ఫోన్లెత్తేవాళ్ళు ఉండరు.

“పోనీలే, శుక్రవారాలైనా ఖాళీ,” అంది చెల్లెలు.

“ఖాళీగా ఏం చేసుకోను?”

చెల్లెలు బకెట్లోంచి కాళ్ళు తీసి తుడుచుకుంది. “మా షాపులో మడతలకి మనిషి కావాలంటున్నారు,” అంది. “మీ వదినకి చెబుదామా అనుకున్నా. కానీ పొద్దుటి నుంచీ చీకటి పడేదాకా నిలబడాలి. ఇంట్లో ఆయన్ని వదిలి ఎలా వస్తుంది? ఎవరు చూస్తారు?”

పెద్దక్క అలమారా వైపు చూసింది. తెరిచిన తలుపులు, దుప్పట్లు, స్టూలు, దాని మీద కంపెనీ కంప్యూటరు. ఇంటి నుంచే పని. ఏ ఇంటి నుంచో వాళ్ళకి కనబడేది కెమెరా చూపించినంత మేరే.

“నేను చూస్తా,” అంది.

“మరి నీ ఫోన్ల పని?”

“అక్కడినుంచే తీసుకుంటా.”

“పట్టుకుంటే?”

“పట్టుకుంటే ఇద్దరం మడతలు పెడతాం. నీ షాపులో ఇంకో చోటుందేమో కనుక్కో.”

*

సోమవారం పెద్దక్క సంచీలో కంప్యూటరు, మెడలో హెడ్‌సెట్‌తో మెట్లెక్కింది. వదిన షాపుకి తయారై ఉంది. ఫోనులోనే ఒప్పుకుంది, మూడు మాటల్లో. ఇప్పుడు కూడా ఎక్కువ మాట్లాడలేదు. మిషను దగ్గరికి తీసుకెళ్ళి నీళ్ళ గీత చూపించింది. కరెంటు పోతే మూలనున్న సిలిండరుకి గొట్టం ఎలా మార్చాలో రెండుసార్లు చేసి చూపించి, మూడోసారి పెద్దక్క చేత చేయించింది.

“జారుతుంటే ఆయన అడగడు. మొహమాటం. వేలితో మంచం పట్టె మీద గీకుతాడు, అంతే. అది విను.”

“వింటా.”

“దోసిలిలా వంచి తట్టు, చదునుగా కొడితే నొప్పి.”

“సరే.”

వదిన చెప్పులేసుకుంది. గుమ్మం దాటి, ఆగింది. ఏమైనా అంటుందేమోనని పెద్దక్క చూసింది. క్షమించాననో, క్షమించలేదనో. “కెమెరా ఇంకాస్త పైకి పెట్టుకో,” అంది వదిన. మెట్లు దిగిపోయింది.

పెద్దక్క బల్ల ముందు కూర్చుని కెమెరా పైకి వంచింది. తెర మీద తన నుదురూ కళ్ళూ తప్ప ఏమీ లేవు. రొద పోకుండా మైకుకి చెయ్యి అడ్డం పెట్టుకుని తొలి ఫోను ఎత్తింది. ఎవరో ఇల్లాలు, కోపం మీదుంది. బట్టలమిషను నీళ్ళు వదలడం లేదట, అరగంట నుంచీ ఎవరూ ఫోనెత్తలేదట, ఎత్తినా మాటలు చెబుతారే తప్ప పని చేయరట.

“చెప్పండమ్మా, ఒకసారి ఫోను మిషను దగ్గర పెట్టండి, వింటాను,” అంది పెద్దక్క.

అటునుంచి గుర్రుమంటూ చప్పుడు వచ్చింది. పంపులో ఏదో ఇరుక్కుంది. గుండీయో, గుడ్డపేలికో. చెప్పబోయింది. అప్పుడు వెనక నుంచి ఇంకోటి వినబడింది. చెక్క మీద గోరు. చాలా మెల్లగా.

తిరిగి చూసింది. ఆయన దిండ్ల మీద నుంచి సగం జారిపోయాడు. గడ్డం ఛాతీకి తగులుతోంది. పెదాలు రంగు మారుతున్నాయి. కళ్ళు మాత్రం అటు తిప్పుకున్నాడు, ఆమెని పిలవనట్టు.

ఫోన్ మళ్ళించడానికి ఎవరూ లేరు. ఆమెకి ఆ ముగ్గురి తలుపులూ ఇంకా తెరుచుకోలేదు. తెర మీద మూల, కాలం లెక్కపెట్టే అంకెలు పచ్చగా పరిగెడుతున్నాయి.

“హలో? ఉన్నారా? ఏంటండీ ఏం మాట్లాడరు?” అంటోంది ఇల్లాలు.

“ఒక్క నిమిషం లైన్లో ఉండండమ్మా,” అంది పెద్దక్క.

హోల్డు నొక్కింది. అంకెలు ఎర్రబడ్డాయి. ఆమె అప్పటికే లేచి, ఆయన చంకల కింద రెండు చేతులూ దూర్చింది.